రెండు చేతులు లేని ప్యాకేజీ

లాలాగూడలో రైల్వే క్వార్టర్లు దాటాక రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి భద్రయ్యది. కూలర్ల డబ్బాలకు ఇనపరేకులు కోసి వంచే షెడ్డు. ఆదివారం మధ్యాహ్నం ఆ వీధిలో మనిషి కనిపించడు. వారమంతా రేకులు మోగే చోట ఒక్కసారి చప్పుడు ఆగితే చెవులకు ఏదో వెలితిగా ఉంటుంది. ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. పైకప్పు మీద చినుకుల చప్పుడు, లోపల మిషన్ నూనె వాసన, తడిసిన ఇనుము వాసన. నేను గొడుగు ముడిచి లోపలికి వెళ్ళేసరికి మా తమ్ముడు సూరి గ్లాసుల్లో టీ పోస్తున్నాడు.

అసలు రావడం నాకిష్టం లేదు. వారంలో ఆరు రోజులు ఆఫీసులో పైథాన్ ఎర్రర్లు చూసి చూసి కళ్ళు కాయలు కాసి ఉంటాయి. ఉన్న ఒక్క ఆదివారం కూడా ఎర్రర్లు చూడమంటే ఒళ్ళు మండదా? ఆ ఏళ్ళలో ఐటీ కంపెనీలు పిల్లల్ని కాలేజీ గేటు దగ్గరే ఎగరేసుకుపోతుండేవి. మూడు నెలలు పైథాన్ నేర్చుకున్న ప్రతివాడికీ ఉద్యోగం దొరికేది. అలా నేను విజయనగరం నుంచి వచ్చి పడ్డాను. తర్వాత సూరిని తెచ్చుకున్నాను. ఇద్దరం అల్వాల్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటాం. వాడికి కంప్యూటర్ ముందు కూర్చుంటే కునుకొస్తుంది. ఇనుమంటే ప్రాణం. ఐటీఐ చదివి, ఈ షెడ్డులో పవర్ ప్రెస్సు మీద పనికి కుదిరాడు.

ఆ ప్రెస్సు గురించి చెప్పాలి. మనిషి కంటే రెట్టింపు ఎత్తు ఉంటుంది. కింద ఒక ఇనప బల్ల, పైన ఒక ఇనప దిమ్మ, పక్కన బండిచక్రం కంటే పెద్ద చక్రం. బల్ల మీద రేకు పెడితే దిమ్మ దిగి రేకుని ఒక్క దెబ్బతో డబ్బాగా వంచేస్తుంది. మధ్యలో ఏముందని అది చూడదు. అందుకే బల్లకు ముందు రెండు కర్రల్లాంటి స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య కంటికి కనపడని వెలుగు పోనిస్తారు. దాన్ని కాంతి తెర అంటారు. ఎవరి చెయ్యయినా ఆ వెలుగుకి అడ్డొస్తే కంప్యూటర్ కనిపెట్టి దిమ్మను ఆపాలి. ఆ కనిపెట్టే ప్రోగ్రాం రాసినవాడు పైడిబాబు. మా పక్క ఊరి కుర్రాడు, సూరి ఈడువాడు, ఇరవయ్యారేళ్ళు. తను రాసిన ప్రోగ్రాముల కట్టకి, అంటే ప్యాకేజీకి, 'పైడి' అని తన పేరే పెట్టుకున్నాడు.

వాణ్ణి ఆ ప్రెస్సే చంపింది. కిందటి దసరాకు ముందు, ఊరికే ఊరికే పని ఆపేస్తున్న కాంతి తెరను సరిచేద్దామని రెండు చేతులూ లోపల పెట్టి ఉండగా దిమ్మ దిగింది. మోచేతుల దగ్గర రెండూ తెగిపోయాయి. అంబులెన్సు వచ్చేలోపు నెత్తురు కాలవ కట్టి షట్టర్ కింద నుంచి వీధిలోకి వెళ్ళిందని సూరి చెప్పాడు. అంతకంటే ఘోరం తర్వాత జరిగింది. నుజ్జయిన చేతులు రేకుల్లో ఇరుక్కుపోతే, ఆ కంగారులో ఎవరో వాటిని తుక్కుతోపాటు లారీకి ఎక్కించేశారు. వాళ్ళమ్మ అప్పలలక్ష్మి కనపడిన వాళ్ళందరి కాళ్ళూ పట్టుకుని, నా కొడుకు చేతులు తెచ్చివ్వండి బాబూ అని ఏడ్చింది. ఎవరు తెస్తారు? చేతులు లేకుండానే కాష్టం మీద పెట్టారు.

భద్రయ్య ప్రెస్సు ముందు గుమ్మడికాయ కొట్టించాడు. దిమ్మకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టించి, నిమ్మకాయ కట్టించి మళ్ళీ పని మొదలుపెట్టాడు. ప్రెస్సుకి శాంతి చేసినవాళ్ళెవరికీ కంప్యూటర్ గుర్తు రాలేదు. పైడిబాబు ప్యాకేజీ అందులో అలాగే నడుస్తూ వచ్చింది.

ఇప్పుడు భద్రయ్య కొడుకు హరికిషన్ కొత్తగా ఒక కెమెరా కొన్నాడు. చేతులను కెమెరాయే చూసి ప్రెస్సును ఆపుతుందట. నలభై మూడేళ్ళ మనిషి, యూట్యూబ్ చూసి తనే ఏవేవో ఎక్కించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. దాంతో కెమెరా పనిచెయ్యలేదు, ఉన్న ప్రోగ్రామూ చచ్చింది. రేపు ఉదయం ఆ ప్రెస్సు ముందు కూర్చోవాల్సింది సూరి. కంప్యూటర్ సరిగ్గా లేకపోతే లోపల ఉండేవి వాడి చేతులు. నేను వచ్చింది అందుకు. హరికిషన్ మొహం చూసి కాదు.

షెడ్డులో ఒక మూల అద్దాల క్యాబిన్ ఉంది. అందులో కంప్యూటర్. దాని తెర మీద ఏం కనపడుతుందో ప్రెస్సు పక్కన గోడకున్న ఇంకో తెర మీద కూడా అదే కనపడుతుంది, పనివాళ్ళు చూసుకోవడానికి. నేను కూర్చుని ఎర్రర్లు చదివాను. జబ్బు తెలిసిపోయింది. కెమెరా ప్యాకేజీకి లెక్కలు చేసే లైబ్రరీ అనే సాయం ప్రోగ్రాము కొత్త వెర్షన్ కావాలి. పైడిబాబు ప్యాకేజీకి అదే లైబ్రరీ పాత వెర్షన్ కావాలి. కొత్తది ఎక్కిస్తే పాతది ఊడుతుంది, పాతది ఎక్కిస్తే కొత్తది ఊడుతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇలాంటప్పుడు మేం వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అని వేరే గది కడతాం. అత్తాకోడళ్ళకు పడకపోతే వేరు వంటిల్లు పెట్టినట్టు. ఆ గదిలో ఎక్కించినవి బయటివాటిని కదపవు, బయటివి లోపలికి రావు.

గది కట్టాను. కెమెరా సామానంతా అందులో ఎక్కించాను. అద్దంలోంచి చూస్తే హరికిషన్ ప్రెస్సు బల్ల మీదకి వంగి, దిమ్మ కింద కుడిచెయ్యి పెట్టి కెమెరా బిగిస్తున్నాడు. మెయిన్ స్విచ్చి తీసే ఉంది. సూరి స్టూలు మీద కూర్చుని స్క్రూలు అందిస్తున్నాడు. అప్పుడే కరెంటు పోయింది. షెడ్డులో దీపాలన్నీ ఆరిపోయాయి. క్యాబిన్‌లో కంప్యూటర్, గోడ మీది తెర మాత్రం ఇన్వర్టర్ మీద వెలుగుతున్నాయి. బయట ఇంకా పొద్దు పూర్తిగా గుంకలేదు, అయినా ముసురుకి లోపల మసక చీకటి. ఇంటర్నెట్ డబ్బా మీది దీపం కూడా ఆరిపోయింది.

హరికిషన్ అక్కణ్ణించే అరిచి, ఇంకెంత సేపని అడిగాడు. కరెంటు వచ్చాక చూద్దాం, రేపటికి కాకపోతే పని ఆపెయ్యండి అన్నాను. అతను నవ్వాడు.

"పని ఎందుకు ఆపుతం మేడం? కెమెరా చాలూ కాకుంటే కాంతి తెర వైరు కలిపి నడిపిస్తం. ఊకె ఊకె ఆపి పరేషాన్ చేస్తది ఆ తెర. అప్పట్ల సుత గట్లనే నడిపినం కదా."

సూరి చేతిలో స్క్రూలు కింద పడ్డాయి. నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పైడిబాబు చేతులు లోపల పెట్టింది కాంతి తెర పనిచేస్తోందన్న ధీమాతో. ఈ మనిషి డబ్బాలు తొందరగా తియ్యాలని వైరు కలిపి కాంతి తెరను గుడ్డిదాన్ని చేశాడు. ఆ సంగతి ఆ కుర్రాడికి చెప్పలేదు. రేపు మా సూరికీ చెప్పడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు పెద్దలు. అక్కడున్న సుత్తి తీసుకుని హరికిషన్ తల మీద ఒక్కటి వెయ్యాలన్నంత కోపం వచ్చింది.

ఆ కోపంలోనే పైడిబాబు ప్యాకేజీని కొత్త గదిలో ఎక్కించమని కొట్టాను. కంప్యూటర్ ఒప్పుకోలేదు. తెర మీద ఇంగ్లీషులో వచ్చిన మాటలకు తెలుగు ఇదీ. 'పైడికి కుడిచెయ్యి కావాలి, ఎడమచెయ్యి కావాలి. రెండూ ఇక్కడ లేవు.'

నాకేమీ అనిపించలేదు. ప్రోగ్రామర్లకు పేర్లు పెట్టే సరదా ఉంటుంది. కుడివైపు చేతిని కనిపెట్టే భాగానికి ఒక పేరు, ఎడమవైపు దానికి ఒక పేరు పెట్టుకుని ఉంటాడనుకున్నాను. మా వృత్తిలో అందరికీ ఒక రోగం ఉంది. ఎర్రర్ మొత్తం చదవం. చివరి లైను చూస్తాం, ఏది లేదంటే దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యమంటాం. అదేమిటో, ఎక్కణ్ణించి వస్తుందో చూడం. పైగా మధ్యలో చెయ్యమంటావా, వద్దా అని అడిగి విసిగించకుండా, అన్నిటికీ ముందే సరే అని ఒక్క అక్షరం తగిలిస్తాం. నేనూ అదే చేశాను. కుడిచెయ్యి కావాలి, ఎడమచెయ్యి కావాలి, దేనికీ నన్ను అడక్కు. ఎంటర్ కొట్టాను.

ఇంటర్నెట్ లేదు కదా, దొరకలేదని వస్తుందనుకున్నాను. రాలేదు.

'కుడిచెయ్యి కోసం వెతుకుతున్నాను.'

'దొరికింది. ఇక్కడే ఉంది.'

కింద చిన్న గీత బయల్దేరింది. సామాను దిగుతున్నప్పుడు నిండుతూ పోయే గీత. ఎక్కణ్ణించి దిగుతోంది? ఫైళ్ళలో వెతికాను. ఆ పేరుతో ఏమీ లేదు. గీత సగం నిండింది. అప్పుడు వాసన వచ్చింది. నూనె వాసన కాదు. కాలిన జుట్టు వాసన, దాని వెనకే పచ్చి నెత్తురు వాసన... మాంసం కొట్టు ముందు నుంచి వెళుతున్నప్పుడు వచ్చేలాంటిది. షెడ్డులో ఏదో మూలిగింది. తల ఎత్తి చూశాను.

ప్రెస్సు చక్రం తిరుగుతోంది.

కరెంటు లేదు. మెయిన్ స్విచ్చి తీసి ఉంది. అయినా చక్రం మెల్లగా, ఎవరో చేత్తో తిప్పుతున్నట్టు తిరుగుతోంది. తర్వాత మెల్లగా కాదు. సూరి లేచి నిలబడ్డాడు. హరికిషన్‌ని చెయ్యి తియ్యమన్నాడు. హరికిషన్ తల పైకెత్తాడు... గీత నిండింది... దిమ్మ దిగింది.

ఆ చప్పుడు రేకు మీద దిమ్మ పడే చప్పుడు కాదు. తడిగా ఉంది. చెరుకు గానుగలో పెట్టినప్పుడు మొదట వచ్చే చప్పుడులా ఉంది. తర్వాత హరికిషన్ అరిచాడు. అలాంటి అరుపు నేను ఎప్పుడూ వినలేదు. మగవాడి గొంతులా లేదు, పశువు గొంతులానూ లేదు. నెత్తురు బల్ల అంచు నుంచి ధారగా కారి సూరి బూట్ల మీద పడింది. కుడిచెయ్యి మోచేతి పైదాకా దిమ్మ కింద ఉంది. బయట ఉన్న భుజం ఎగిరెగిరి పడుతోంది.

నేను క్యాబిన్ తలుపు దగ్గరికి పరుగెత్తబోయి తెర వంక చూశాను. 'కుడిచెయ్యి ఎక్కింది. వెర్షన్ 43. పైడికి కావాల్సింది 26. ఇంకొకటి దొరకలేదు కాబట్టి దీంతో సరిపెట్టాను.'

నలభై మూడు. హరికిషన్ వయసు. నేను మళ్ళీ తెర దగ్గరికే వచ్చాను. కింద ఇంకో లైను వచ్చింది. 'ఎడమచెయ్యి కోసం వెతుకుతున్నాను.'

దిమ్మ దానంతట అది పైకి లేవడం మొదలుపెట్టింది. అది లేస్తోందని చూసి, మా వెర్రి తమ్ముడు, వాడికి జాలెక్కువ, హరికిషన్ని బయటికి లాగుదామని బల్ల మీదకి వంగాడు. ఒక చెయ్యి అతని చంకలో వేశాడు. ఇంకో చెయ్యి దిమ్మ కింద పెట్టి, నుజ్జయిన చేతిని విడిపిస్తున్నాడు.

నేను గొంతు చించుకుని, సూరీ వద్దు, వెనక్కి రా అని అరిచాను. వాడు విన్నాడు. వెనక్కి రాబోయాడు. రాలేదు. వాడి ఎడమచెయ్యి దిమ్మ కింద ఆగిపోయింది. వాడు నా వైపు తల తిప్పాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా... నా చెయ్యి ఎవులో పట్టుకున్నారు."

గుసగుసగా అన్నాడు. పక్కనున్నవాళ్ళు వినకూడదన్నట్టు.

తెర మీద వచ్చింది. 'ఎడమచేతికి రెండు వెర్షన్లు దొరికాయి. 43. 26. పైడికి 26 సరిగ్గా సరిపోతుంది. 26 తీసుకుంటున్నాను.' గీత బయల్దేరింది.

నాకు తెలిసినవన్నీ చేశాను. ఆపమని మీటలు నొక్కాను. ఆగలేదు. కంప్యూటర్ వైరు పీకాను. ఇన్వర్టర్ తీగ పీకాను. డబ్బా ఆగిపోయింది, దాని ఫ్యాను చప్పుడు కూడా ఆగిపోయింది... తెర మాత్రం వెలుగుతోంది. గీత నిండుతోంది. సూరి ఖాళీగా ఉన్న చేత్తో ప్రెస్సు ఎర్రబటన్ కొడుతున్నాడు. దిమ్మ పైన ఆగి ఉంది. నిమ్మకాయ ఊగుతోంది. దిమ్మ కింద చీకట్లో వాడి చెయ్యి పక్కన ఇంకేదో కదలడం నాకు కనిపించింది. తెల్లగా... వేళ్ళలా...

ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోనే బుర్ర పనిచేసింది. పదేళ్ళుగా అన్నం పెట్టిన విద్య ఊరికే పోదు. మేం ఒక్కోసారి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం మాట వినం. నువ్వు మంచిదనుకున్నది కాదు, నేను చెప్పిన వెర్షనే ఎక్కించు, సరిపోతుందా లేదా అని చూడకు అని శాసిస్తాం. దానికి ఒక పద్ధతి ఉంది. వైర్లు పీకిన కంప్యూటర్ మీటలు పనిచేస్తాయా అని ఆలోచించలేదు. కొట్టాను. ఎడమచెయ్యి. వెర్షన్ 43. వేరేది చూడకు.

కొట్టిన ప్రతి అక్షరం గోడ మీద తెర మీద పడుతోంది. బల్ల మీద పడి ఉన్న హరికిషన్ కళ్ళు ఆ తెర వైపే ఉన్నాయి. అతను చదివాడు. నా వైపు చూశాడు. మా మధ్య అద్దం ఉంది, అయినా అతని మాట నా చెవి పక్కనే అన్నట్టు వినిపించింది.

"మేడం... నాదేనా?"

ఎంటర్ కొట్టాను.

అతన్ని ఎవరో ఈడ్చారు. ఈడ్చినవాళ్ళు కనపడలేదు. ఎడమచెయ్యి ముందు లోపలికి వెళ్ళింది, దాని వెనక భుజం, దాని వెనక తల. చొక్కా బల్ల అంచుకి తగులుకుని చిరిగింది. సూరి బయటికి ఎగిరి రేకుల మీద వెల్లకిలా పడ్డాడు. దిమ్మ దిగింది. ఒక్కసారి కాదు. దిగింది, లేచింది. దిగింది, లేచింది. మొదటి దెబ్బకే అరుపు ఆగిపోయింది. రెండో దెబ్బకు క్యాబిన్ అద్దం మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. తర్వాత చుక్కలు కాదు. ఎముక విరిగే చప్పుడు మొదట పెద్దగా ఉండి, చిన్నగా అవుతూ పోయింది. చివరికి పిండి రుబ్బుతున్నట్టు మెత్తటి చప్పుడు మిగిలింది. నేను కళ్ళు మూసుకోలేదు. ఎందుకు మూసుకోలేదో నాకు తెలియదు.

తెర మీద చివరి లైను వచ్చింది. 'ఎడమచెయ్యి ఎక్కింది. వెర్షన్ 43. పైడి సిద్ధంగా ఉన్నాడు.' దాని పైన ఇంకేవో రెండు లైన్లు ఉన్నాయి. నేను చివరిదే చూశాను. తెర ఆరిపోయింది. చక్రం ఆగింది. చినుకుల చప్పుడు మళ్ళీ వినపడింది.

పరుగెత్తుకెళ్ళి సూరిని పట్టుకున్నాను. చీకట్లో వాడి రెండు చేతులూ తడిమాను. మోచేతులు, మణికట్లు, వేళ్ళు. ఎడమచెయ్యి మంచులా చల్లగా ఉంది, కానీ చెక్కుచెదరలేదు. గీత కూడా పడలేదు. ఆ చేతిని మొహానికి పెట్టుకుని ఏడ్చాను. నవ్వాను కూడా. పక్కనే ఒక మనిషి ముద్దయి ఉంటే నేను నవ్వాను, దాచుకోవడం ఎందుకు. ఒకడి చెయ్యి పోవాల్సి వస్తే ఎవడి చెయ్యి పోవాలో నాకు బాగా తెలుసు. ఇప్పుడు అడిగినా అదే అంకె కొడతాను.

పోలీసులు వచ్చారు. కరెంటు వచ్చిందేమో, మిషన్ దానంతట అది తిరిగి ఉంటుందన్నారు. మేం కాదనలేదు. హరికిషన్ని ప్లాస్టిక్ సంచుల్లో తీసుకెళ్ళారు. భద్రయ్య వచ్చి ప్రెస్సు ముందు కూలబడి, బిడ్డా బిడ్డా అని నెత్తి కొట్టుకున్నాడు. ఆయన్ని చూడలేకపోయాను. కొడుకు ఎలాంటివాడైనా తండ్రి తండ్రే. మేం ఆటోలో అల్వాల్ చేరుకునేసరికి చలికి వణుకుతున్నాం. సూరి అన్నం తినలేదు. నేను ముద్దలు కలిపి పెడితే, రెండు మింగి పడుకున్నాడు.

మర్నాడు స్టేషన్‌కి పిలిచారు. ఇన్‌స్పెక్టర్ పెద్దాయన, తెలంగాణ మనిషి, నెమ్మదస్తుడు. టీ తెప్పించాడు. జరిగింది మళ్ళీ చెప్పించుకున్నాడు. చెప్పవలసింది చెప్పి, చెప్పకూడనిది మింగాను. అంతా అయ్యాక ఆయన గడ్డం గోక్కుంటూ, మార్చురీలో ఒక తక్లీఫ్ వచ్చింది అన్నాడు. ఆ షెడ్డులో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ముగ్గురమే అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. మమ్మల్ని ఇద్దర్నీ చేతులు బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టాం. నావి రెండు, సూరివి రెండు. ఆయన నాలుగింటినీ చూశాడు.

"గదేందో సమజైతలేదమ్మా. పీనుగ ఒక్కటే. చేతులేమో మూడు దొరికినయి. ఒక ఎడమచెయ్యి ఎక్కువుంది."

ఫోన్‌లో ఒక ఫొటో తెరిచి నా ముందు పెట్టాడు. స్టీలు పళ్ళెంలో కడిగి పెట్టిన చెయ్యి. మోచేతి దగ్గర తెగి ఉంది. కుర్రవాడి చెయ్యి. చిటికెన వేలు కొడవలిలా లోపలికి వంగి ఉంది. మా నాన్నకు అలాగే ఉండేది. నాకూ ఎడమచేతికి అలాగే ఉంటుంది, బల్ల మీద నా కళ్ళముందే ఉంది. మా ఇంట్లో అలాంటి వేలున్నవాడు ఇంకొక్కడే.

నేను మెల్లగా పక్కకు చూశాను. బల్ల మీద సూరి ఎడమచెయ్యి ఉంది. చిటికెన వేలు తిన్నగా ఉంది. నిన్న తెర మీద నేను చదవకుండా వదిలేసిన ఆ రెండు లైన్లు గుర్తొచ్చాయి.

ఈ చెయ్యి ఎవరిదో తెలుసా అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. తెలియదన్నాను. ఆయన నిట్టూర్చి ఫోన్ తీసుకున్నాడు, ఇక వెళ్ళమన్నాడు. నేను లేచాను. సూరి కుడిచెయ్యి బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి బల్లను తడుతున్నాయి, చాలా వేగంగా, ఏదో టైపు చేస్తున్నట్టు. మా సూరికి టైపు చెయ్యడం రాదు.

"పద సూరీ" అన్నాను.

వాడు నా వైపు చూశాడు. కళ్ళ నిండా నీళ్ళు. వాడు ఆ చేతిని అక్కణ్ణించి తీద్దామనే చూస్తున్నాడు.